తేడాకూ తేడాకూ మధ్య తేడా

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసి పంపమని మన సంఘ కార్యదర్శిగారు ఫోన్ చేశారు. నాకు తెలిసిన చరిత్ర అంతా అంకెల చరిత్రేననీ, అది చదివితే సభ్యులకు నిద్ర ముంచుకొస్తుందనీ చెప్పి తప్పించుకోజూశాను. "మన వయసులో నిద్ర పట్టడం కంటే కావలసిందేముందండీ, రాయండి" అన్నారాయన. కాబట్టి ఈ వ్యాసం చదివి కునుకు తీసినవారు ఆయనకే కృతజ్ఞతలు చెప్పుకోవలసి ఉంటుంది.

నేను గణాంక విభాగంలో ఇన్వెస్టిగేటరుగా 1974లో చేరి, మూడు దశాబ్దాల పైచిలుకు అంకెల మధ్యనే కాలం గడిపి పదవీ విరమణ చేశాను. ఇంట్లో నా చదువు గురించి ఎవరూ ఏనాడూ అడగలేదు. మొన్న మా మనవరాలు అడిగింది. ఆ పిల్లా, వాళ్ళ అన్నా ఇద్దరూ పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నారు. వరండా గోడ మీద పెన్సిలు గీతలు గీసి, తలమీద స్కేలు పెట్టి ఒకరినొకరు కొలుచుకుంటున్నారు.

"తాతయ్యా, అన్నయ్యకి 167.6 సెంటీమీటర్లు ఉండాలిట, నాకు 152.5 చాలుట. అంటే తేడా పదిహేను. ఏజెన్సీ గిరిజన అభ్యర్థులకి మగవాళ్ళకి 160, ఆడవాళ్ళకి 150. అక్కడ తేడా పదే. అంటే అక్కడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎత్తులో అంత దగ్గరగా ఉంటారా? ఎవరైనా కొలిచారా?"

మొదట చెప్పింది ఏమిటంటే, అవి ఎవరి సగటు ఎత్తులూ కావని. 167.6 అంటే అయిదడుగుల ఆరంగుళాలు, 152.5 అంటే అయిదడుగులు. పాత అడుగులూ అంగుళాలే సెంటీమీటర్ల వేషం వేసుకున్నాయి. అవి లోపలికి రానిచ్చే గడపలు మాత్రమే. "సరే, గడపల సంగతి వదిలెయ్. నిజంగా కొలిస్తే ఎలా తేలుస్తారు?" అంది. ఈ ప్రశ్నకు నూటనలభై ఏళ్ళ చరిత్ర ఉంది. దీనికే నేను ఒకసారి, నా సంతకం పెట్టి మరీ, తప్పు సమాధానం రాశాను. ఆ రెండూ కలిపి చెబుతాను.

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. కనిపించినదల్లా కొలవడం ఆయనకు వ్యసనం. 1884లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శనలో ఒక కొలతల గది పెట్టాడు. మనిషి మూడు పెన్నీలు చెల్లించి లోపలికి పోతే ఎత్తు, బరువు, పిడికిలి బలం, చూపు, ఊపిరి వగైరాలు కొలిచి ఒక కార్డు రాసి ఇచ్చేవారు. ఆ విధంగా 9,337 మందిని కొలిచారు. డబ్బిచ్చి మరీ జనం కొలిపించుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా రోజుల్లో మేము ఊళ్ళోకి పోయి ఉచితంగా కొలుస్తామన్నా తలుపులు వేసేసేవారు.

అదే గాల్టన్ బహుమతులు ప్రకటించి కుటుంబాల వివరాలు తెప్పించుకున్నాడు. 205 మంది దంపతులు, వారికి పుట్టి పెరిగి పెద్దవారైన 928 మంది సంతానం. తలిదండ్రుల ఎత్తుకూ బిడ్డల ఎత్తుకూ సంబంధం ఏమిటని చూడబోతే మొదటి మెట్టు మీదే చిక్కు వచ్చింది. తల్లినీ తండ్రినీ కలిపి సగటు తీయడమెలా? కొడుకులనూ కూతుళ్ళనూ ఒకే పట్టికలో వేయడమెలా? ఆయన చేసిన ఉపాయం చాలా సులువైనది. ప్రతి స్త్రీ ఎత్తునూ 1.08తో హెచ్చించాడు. ఆ దెబ్బతో ఆడవారంతా మగవారి లెక్కలోకి మారిపోయారు. 1886లో అచ్చయిన ఆ వ్యాసం నుంచే రిగ్రెషన్ అనే పద్ధతి పుట్టింది. మన పెన్షన్ అంచనాల దగ్గరనుంచి వర్షాల అంచనాల దాకా ఈ పద్ధతి లేనిదే పని జరగదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గాల్టన్ అయిదంగుళాలు కూడలేదు, 1.08తో గుణించాడు. కూడికకూ గుణకారానికీ తేడా పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. డి.ఎ. శాతంలో వస్తుంది. శాతం అందరికీ ఒకటే, కానీ రూపాయల్లో చూస్తే బేసిక్ పెద్దదైనవారికి ఎక్కువ, అటెండరుగా రిటైరైనవారికి తక్కువ. మెడికల్ అలవెన్సు అలా కాదు, బేసిక్‌తో నిమిత్తం లేని రూపాయలు. ఆడ మగ ఎత్తుల తేడా డి.ఎ. లాంటిదా, మెడికల్ అలవెన్సు లాంటిదా? ఇది తేల్చుకోకుండా రెండు దేశాలను పోల్చకూడదు.

ఈ ప్రశ్నకు ఒక లెక్క చూడండి. ప్రపంచ దేశాల ఎత్తుల మీద 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, 1996లో పుట్టినవారిలో నెదర్లాండ్స్ పురుషుల సగటు ఎత్తు 182.5 సెంటీమీటర్లు, స్త్రీలది 168.7. మన దేశంలో పురుషులది 164.9, స్త్రీలది 152.6. సెంటీమీటర్లలో తేడా అక్కడ 13.8, మనకు 12.3. అక్కడ ఎక్కువే కదా అనిపిస్తుంది. భాగహారం చేసి చూస్తే రెండు చోట్లా దాదాపు 1.08 వస్తుంది. మన స్త్రీల సగటును గాల్టన్ అంకెతో గుణిస్తే 164.8. పురుషుల సగటుకు ఒక్క మిల్లీమీటరు తక్కువ! విక్టోరియా రాణిగారి కాలపు ఇంగ్లీషు కుటుంబాల నుంచి తీసిన అంకె ఇక్కడ ఇలా కుదరడం చూసి నేను రెండోసారి లెక్క వేసి చూసుకున్నాను.

గాల్టన్ శిష్యుడు కార్ల్ పియర్సన్. గురువు కంటే గట్టి లెక్కలవాడు, నోటి దురుసు కూడా ఎక్కువే. అప్పట్లో మగవారిలో వైవిధ్యం ఎక్కువ, ఆడవారంతా దాదాపు ఒకే తీరుగా ఉంటారు, అందుచేత మేధావులు మగవారిలోనే పుడతారు అనే సిద్ధాంతం బాగా ప్రచారంలో ఉండేది. హేవలాక్ ఎల్లిస్ 1894లో రాసిన పుస్తకం దానికి అండ. పియర్సన్ 1897లో ఈ వాదం మీద ఒక దీర్ఘవ్యాసం రాశాడు. పెద్దవస్తువుకు పెద్ద హెచ్చుతగ్గులుండడం సహజం, తాటిచెట్ల ఎత్తుల్లో ఉండే తేడాలు కందిచెట్లలో ఉండవు. కాబట్టి ప్రామాణిక విచలనాన్ని (మేము ఆఫీసులో ఎస్.డి. అనేవాళ్ళం) సగటుతో భాగించి నూరుతో హెచ్చించాలి. దీన్నే విచలన గుణకం అన్నాడు. ఆ కొలబద్దతో చూస్తే మగవారి వైవిధ్యం ఎక్కువన్నదానికి ఆధారం కనిపించలేదు. తాటిచెట్టు పోలిక నాది, పియర్సన్‌ది కాదు. కోనసీమవాడిని కనుక అదే తోచింది.

పియర్సన్ దగ్గర ఆలిస్ లీ అనే ఆవిడ పనిచేసేది. తల పెద్దదైతే తెలివి పెద్దది, ఆడవారి తల చిన్నది కనుక తెలివీ చిన్నదే అన్న వాదాన్ని ఆవిడ పరీక్షకు పెట్టింది. 1898లో డబ్లిన్ నగరంలో శరీరశాస్త్రవేత్తల సమావేశం జరిగినప్పుడు 35 మంది పండితుల తలలు కొలిచారు. ఆవిడ ఆ కొలతలతో కపాల పరిమాణం లెక్కగట్టి వరుస పేర్చితే, వారిలో మహా పేరున్నవారు కొందరు అడుగు వరుసలో తేలారు. ఒక మహిళా కళాశాల విద్యార్థినుల తలలు కొన్ని ఆ పండితుల తలల కంటే పెద్దవిగా తేలాయి. పరీక్షకులకు ఈ సిద్ధాంతవ్యాసం మింగుడు పడలేదు. చివరకు డాక్టరేటు ఇవ్వక తప్పలేదు. ఇంతా చేసి గాల్టన్, పియర్సన్ ఇద్దరూ మనుషుల్లో మేలుజాతి, నాసిజాతి అని ఏరివేతలు సాగించాలన్న సిద్ధాంతానికి పెద్దదిక్కులు. కత్తిపీట మంచిదే, పట్టుకున్న చేతుల గురించి మాత్రం నేను పూచీ పడను.

తరువాతి కథ వేగంగా చెబుతాను. 1908లో గిన్నిస్ సారా కంపెనీలో పనిచేసే గాసెట్, 'స్టూడెంట్' అనే మారుపేరుతో, కొద్దిమందిని మాత్రమే కొలిచినప్పుడు సగటును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే పరీక్ష కనిపెట్టాడు. టీ-పరీక్ష అంటే అదే. రొనాల్డ్ ఫిషర్ పొలాల మీద ఎరువుల ప్రయోగాలు చూస్తూ, ఒక ఎరువు ఒక నేలలో చూపిన ప్రభావం మరో నేలలో కూడా అంతే చూపుతుందా అని అడిగే పద్ధతి తయారుచేశాడు. నేలకు బదులు జనసమూహం, ఎరువుకు బదులు ఆడ మగ అనుకుంటే మా మనవరాలి ప్రశ్న అదే. అంటే పనిముట్లు 1930ల నాటికే పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరిచి సరైనది తీసేవారే తక్కువ.

మన దేశంలో ఈ పని కలకత్తాలో మొదలైంది. 1920లో నాగపూరు సైన్సు కాంగ్రెస్‌లో అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్త, కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతలు ప్రశాంతచంద్ర మహలనోబిస్ చేతిలో పెట్టి విశ్లేషించమన్నాడు. 1922లో వెలువడిన ఆ మొదటి వ్యాసం మగవారి ఎత్తు మీదే. రెండు సమూహాలకు మధ్య దూరాన్ని ఎన్నో కొలతలు కలిపి ఒక్క అంకెలో చెప్పే 'డి-స్క్వేర్' పద్ధతి ఈ దారిలో ఎదిగి 1936లో పూర్తి రూపం పొందింది. మగ ఇన్వెస్టిగేటరు టేపు పట్టుకుని పోతే ఏ ఇంట్లో ఆడవారిని కొలవనిచ్చేవారు? నా అనుభవం యాభై ఏళ్ళ తరువాతిది. అప్పటికీ అంతే.

ఆ కలకత్తా సంస్థలోకి 1941లో మన తెలుగు యువకుడు ఒకరు వచ్చి చేరారు. సి.ఆర్. రావుగారు. 1920లో బళ్ళారి ప్రాంతపు హడగలిలో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ బడులు మారుతూ చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేసి, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగానికి కలకత్తా వెళితే వయసు చాలదని తిప్పి పంపారు. బస చేసిన చోట పరిచయమైన ఒకరి ద్వారా గణాంకశాస్త్ర సంస్థ సంగతి తెలిసి అక్కడ చేరారు. ఆ రోజు ఆ ఉద్యోగం వచ్చి ఉంటే ఏమయ్యేదో!

1946లో ఆయన్ని కేంబ్రిడ్జికి పిలిపించారు. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట హెన్రీ వెల్‌కమ్ అనే మందుల కంపెనీ యజమాని 1910 నుంచి 1914 వరకు తవ్వకాలు జరిపించి వేలకొద్దీ మనుషుల అవశేషాలు బయటపెట్టాడు. ఇంగ్లండు చేరిన ఎముకల్లో దెబ్బతిన్నవి చాలా. మిగిలిన వాటిని కొలిచి ఆ ప్రాచీనులు ఎవరికి దగ్గరివారో తేల్చాలి. రావుగారు, రామకృష్ణ ముఖర్జీగారు, ట్రెవర్ అనే ఆంగ్లేయుడు కలిసి చేసిన ఆ పని 1955లో పుస్తకంగా వచ్చింది. ఈ మధ్యలోనే రావుగారు ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేటు పొందారు. అనేక కొలతలను కలిపి ఒక వ్యక్తి ఏ గుంపుకు చెందుతాడో తేల్చే పద్ధతులు ఆయన చేతిలో పదునెక్కింది ఆ రోజుల్లోనే. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే సంవత్సరం ఆగస్టు 22న, నూట రెండేళ్ళు నిండిన వయసులో అమెరికాలో కన్నుమూశారు.

ఎముకల పనిలో ఒక మెలిక ఉంది, అది మన విషయానికి ముఖ్యం. అస్థిపంజరం ఆడదా మగదా అని ఎలా చెబుతారు? కటి ఎముక బాగుంటే దాన్నిబట్టి. అది విరిగిపోతే మిగిలిన ఎముకల పరిమాణాన్నిబట్టి. పెద్దవి మగ, చిన్నవి ఆడ అని రెండు గుట్టలు పెట్టి, ఆ తరువాత ఈ జనంలో మగవారు ఆడవారి కంటే ఎంత పెద్దవారో చూద్దామని కొలిస్తే ఏమవుతుంది? మనం పెట్టిన గుట్టల తేడాయే మనకు తిరిగి వస్తుంది. ఇటువంటి వలయంలో చిక్కిన పరిశోధనలు తక్కువేమీ కాదు.

ఇక నా సంగతి.

1979లో మా విభాగానికి అయిదేళ్ళ పిల్లల బరువుల సర్వే ఒకటి వచ్చింది. ఆడపిల్లలకు ఇంట్లో తిండి సరిగా పెడుతున్నారో లేదో చూడాలి. తేడా ఎక్కువున్న ప్రాంతంలో ఆడపిల్లలకు అదనపు పౌష్టికాహారం ఇవ్వాలని ప్రతిపాదన. రెండు ప్రాంతాలు ఎంచారు, ఒకటి కాలవ కింద ఊళ్ళు, మరొకటి మెట్ట గ్రామాలు. కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగు త్రాసు, ఫారాల కట్ట, ఒక సైకిలు. కాలవ కింద పని సులువుగా సాగింది. మెట్టకు పోయేసరికి సగం ఇళ్ళకు తాళాలు. పనులు లేక జనం వలస పోయారు. దొరికిన పిల్లలు బహు కొద్దిమంది.

ఆఖరి రోజు సాయంత్రం త్రాసు విప్పి గోనెసంచిలో చుట్టేశాక ఒక ముసలమ్మ మనవరాలిని చంకనెత్తుకుని వచ్చింది. "మా పిల్లని కూడా తూచు బాబూ, నీ పుణ్యముంటది. దీని అమ్మా అయ్యా ఊళ్ళో లేరు" అంది. బస్సు వేళ అవుతోంది. "రేపు ఇంకొకాయన వస్తాడులే అమ్మా" అన్నాను. ఎవరూ రారని నాకు తెలుసు.

ఆఫీసులో ఫాసిట్ మిషను పిడి తిప్పుతూ లెక్కలు చేశాను. రిపోర్టులోని అంకెలు కాకుండా, తలలో నిలిచేందుకు వీలైన గుండు అంకెలు ఇస్తాను. తీరు మాత్రం అదే. కాలవ కింద మగపిల్లలు నూరుమంది, ఆడపిల్లలు నూరుమంది అనుకోండి. మగపిల్లల సగటు బరువు 0.8 కిలో ఎక్కువ. మెట్టలో ఇరవైమంది, ఇరవైమంది. అక్కడ 0.9 కిలో ఎక్కువ. రెండు చోట్లా ఎస్.డి. 2 కిలోలు. కాలవ కింద తేడాలో ఉండే పొరపాటు పరిమితి 0.28 అవుతుంది, 0.8ని దానితో భాగిస్తే 2.8. రెండు దాటింది కనుక పుస్తకం ప్రకారం తేడా సార్థకం. మెట్టలో పిల్లలు తక్కువ కనుక పొరపాటు పరిమితి 0.63, భాగిస్తే 1.4. రెండు దాటలేదు. కాబట్టి తేడా సార్థకం కాదు.

ఇంతవరకు తప్పు లేదు. తరువాత నేను రాసిన వాక్యం ఇది: "కాలవ ప్రాంతంలో బాలబాలికల బరువుల్లో చెప్పుకోదగ్గ తేడా ఉన్నది, మెట్ట ప్రాంతంలో లేదు, కావున రెండు ప్రాంతాల పరిస్థితి భిన్నమైనది." పై అధికారి చదివి, బాగుందని సంతకం పెట్టారు. అదనపు ఆహారం సిఫారసు కాలవ కింద ఊళ్ళకు పోయింది. మెట్టకు పోలేదు.

సభ్యులు ఒకసారి వెనక్కి చూడగలరు. తేడా ఎక్కువున్నది ఎక్కడ? మెట్టలో. తేడా లేదని నేను రాసింది ఎక్కడ? మెట్టలోనే. ఒకచోట తేడా రుజువైంది, మరోచోట రుజువు కాలేదు అన్న రెండు ముక్కల నుంచి రెండు చోట్లా తేడా వేరు అని చెప్పకూడదు. రుజువు కాకపోవడానికి కారణం పిల్లలు సమానంగా ఉండడం కావచ్చు, మనం తూచినవారు కొద్దిమంది కావడమూ కావచ్చు. జనం వలసపోయిన ఊరికి, వలసపోయారన్న కారణం చేతనే, ఇబ్బంది లేదని నేను సర్టిఫికెట్ ఇచ్చాను.

ఈ తప్పు నాలాంటి చిన్న ఉద్యోగులే చేశారనుకోకండి. శరీరశాస్త్ర పరిశోధకులు కూడా చాలాకాలం ఇలాగే చేశారు. ఈ జనంలో ఆడ మగ తేడా సార్థకం, ఆ జనంలో కాదు, కనుక వేరు అని రాస్తూ పోయారు. 1980లలో దీని మీద చర్చ వేడెక్కింది. 1981లో బెన్నెట్ ఒక కొలత ప్రతిపాదించాడు. మరుసటి ఏడు దాని లోపాలు చూపి వేరే కొలత ఇచ్చినవారు రణజిత్ చక్రవర్తి, పార్థ మజుందార్. ఇద్దరూ ఆ కలకత్తా సంస్థలో చదువుకున్నవారే. మగవారి ఎత్తుల గీతా ఆడవారి ఎత్తుల గీతా రెండు గంటల ఆకారంలో పక్కపక్కన గీస్తే ఎంత మేర ఒకదానిమీద ఒకటి పడదో అదే తేడాకు కొలత అన్నారు. సగటులను మాత్రమే చూసేవారికి ఇది మంచి మందు. 1985లో రెలెత్‌ఫర్డ్, హాడ్జెస్ రిగ్రెషన్ ద్వారా పరీక్ష చూపారు. 1989లో గ్రీన్ అనే ఆయన దాన్ని చేతిలెక్కకు అందేలా చేశాడు.

గ్రీన్ పరీక్షలో మర్మమేమీ లేదు. మొదటి జనంలో మగ సగటు నుంచి ఆడ సగటు తీసివేయాలి. రెండో జనంలోనూ అంతే. ఈ రెండు తేడాలను మళ్ళీ ఒకదాని నుంచి ఒకటి తీసివేయాలి. దాన్ని నాలుగు గుంపుల సంఖ్యలనూ లెక్కలోకి తీసుకున్న పొరపాటు పరిమితితో భాగించాలి. నిజానికి స్టూడెంట్ టీ-పరీక్షకు అన్నదమ్ముల బిడ్డ. ఇంత చిన్న సంగతికి 1908 నుంచి 1989 దాకా పట్టిందా అని అడగవచ్చు. సూత్రం తెలియక కాదు, ఏ ప్రశ్న అడుగుతున్నామో సరిగా చెప్పుకోక.

తేడా ఉందో లేదో తేలినా, ఎందుకుందో చెప్పడం ఇంకో యుద్ధం. కరువు కాటకాల్లో మగపిల్లల ఎదుగుదలే ఎక్కువ దెబ్బతింటుంది, ఆడపిల్లలు తట్టుకుంటారు, కనుక పేద సమాజాల్లో తేడా తగ్గుతుంది అని ఒక సిద్ధాంతం. 1985లో సారా స్టిన్సన్ అప్పటి ఆధారాలన్నీ వడగట్టి చూస్తే, తల్లి కడుపులో ఉన్నప్పటి సంగతిలో అది కొంత నిలబడింది. పుట్టాక మాత్రం స్పష్టంగా లేదు. చాలా సమాజాల్లో మగపిల్లవాడికే ముందు వడ్డిస్తారు కదా, అది లెక్కను తారుమారు చేస్తుంది. ఇటువైపు లాగే కారణం ఒకటి, అటువైపు లాగేది మరొకటి. రెండూ సమానంగా లాగితే తేడా మామూలుగానే కనిపిస్తుంది, ఇద్దరు పిల్లలూ ఆకలితోనే ఉంటారు. దక్షిణ కొరియాలో నూరేళ్ళలో స్త్రీల సగటు ఎత్తు 20.2 సెంటీమీటర్లు పెరిగింది. పురుషులది అంతకంటే తక్కువే పెరిగింది. ఆ దేశంలో తేడా తగ్గడానికి కారణం మగవారు కుంచించుకుపోవడం కాదు, ఇద్దరూ పెరిగారు, ఆడవారు మరింత పెరిగారు. ఉత్త తేడా అంకె చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, సరిగా పెరిగిన అయిదేళ్ళ మగపిల్లవాడి మధ్యస్థ బరువు 18.3 కిలోలు, ఆడపిల్లది 18.2. నూరు గ్రాములే ఎడం. నా ఉదాహరణలో కాలవ కింద 800 గ్రాములు, మెట్టలో 900 గ్రాములు.

ఇదంతా విని మనవరాలు డి.ఎ. బకాయిల కాగితం వెనక్కి తిప్పి నా పాత లెక్కకు గ్రీన్ పరీక్ష వేసింది. నేను చెబుతుంటే తను ఫోనులో గుణించింది. తేడాల మధ్య తేడా 0.1 కిలో. పొరపాటు పరిమితి 0.69. భాగిస్తే 0.14. రెండు ఎక్కడ, 0.14 ఎక్కడ! రెండు ప్రాంతాలు వేరని చెప్పడానికి రవ్వంత ఆధారం లేదు. ఒకటేనని ప్రమాణం చేయడానికీ లేదు, అంత కొద్దిమందితో. ఆహారం ఇస్తే రెండు చోట్లా ఇవ్వాలి, లేదా మెట్టకు పోయి మరింతమందిని తూచి రావాలి. నా రిపోర్టులో ఈ రెండింటిలో ఒకటి ఉండవలసింది.

"ఆ మామ్మ తెచ్చిన పాపని కూడా తూచి ఉంటే?" అని అడిగింది.

అదీ వేశాం. ఇరవై ఒక్కమంది ఆడపిల్లలు. పొరపాటు పరిమితి 0.632 నుంచి 0.625కి వస్తుంది. లెక్క మారదు.

"మరి ఆ పాప బరువెంతో?" అంది.

ఆ కాగితం మీద అది లేదు. ఆ పాపకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి.